తాపీ ఒడ్డున

సూరతు నగరాన్ని ఒరసికొని పారే తపతీ నదిని అక్కడివారు తాపీ అంటారు. బ్రతుకుతెరువు వెదుక్కొంటూ ఆ నగరం చేరిన తెలుగువారికి ఈ పేరు మొదటిసారి వినగానే చిరునవ్వు వస్తుంది. తెలుగులో తాపీగా ఉండడమంటే తొందరపాటు లేకుండా, నిదానంగా ఉండడం. ఏడాదిలో చాలా నెలలు ఆ నది ఆ పేరుకు తగినట్లే ఉంటుంది. సముద్రపు పోటుకు కొంచెం పైకి లేచి, ఆటుతో దిగిపోయి, నగరం తనను పట్టించుకొన్నా పట్టించుకోకపోయినా ఒకే తీరున సాగిపోతుంది.

2006 ఆగస్టులో ఆ నది తన నిదానం మరచిపోయింది. నగరానికి సుమారు 100 కిలోమీటర్ల ఎగువన ఉకాయి ఆనకట్ట ఉన్నది. 1972లో పూర్తయిన ఆ ఆనకట్ట అనేక వర్షాకాలాలు నగరాన్ని కాపాడింది. ఆ యేడు పైప్రాంతాలలో ఎడతెగని వానలు కురిసి జలాశయం నిండుతూ వచ్చింది. గేట్లు ఎత్తక తప్పలేదు. రోజురోజుకూ విడుదల పెరిగి, తుదకు 9 లక్షల క్యూసెక్కులు మించింది. నగరంలోని నదీగర్భం అంత నీటిని మోయలేదు. ఆగస్టు 7న మొదలై రెండుమూడు దినాలలో సూరతులో అధికభాగం నీటిపాలైంది. ముందునుంచే కొద్దికొద్దిగా విడిచిపెడుతూ వచ్చి ఉంటే ఇంత ముప్పు వాటిల్లేది కాదుగదా అన్న మాట ఆ తరువాత చాలా కాలం వినిపించింది. వరద తీసిన పిమ్మట ఇళ్ళ గోడలమీద బురద గీత ఒకటి మిగిలింది. ఎంత ఎత్తుకు నీరు వచ్చిందో చెప్పడానికి ఆ గీతను చూపితే చాలును.

ఆ వరదలో పోయిన వాటికి ప్రజలు లెక్కలు కట్టుకొన్నారు. తడిసిన చీరల మూటలు, తుప్పుపట్టిన మరమగ్గాలు, కొట్టుకొనిపోయిన బండ్లు, చెడిపోయిన ధాన్యం, అన్నిటికీ ఏదో ఒక ధర ఉన్నది. అడాజణ్ పేటలో ఒక మేడమీద మూడవ అంతస్తులో నివసించే ఒక తెలుగు గుమస్తాకు కలిగిన కష్టం మాత్రం ఏ లెక్కకూ ఎక్కలేదు. అతని ఇంటిలోనికి నీరు రాలేదు. అతని వస్తువు ఒక్కటీ పోలేదు. పది మాత్రలు పట్టే చిన్న రేకు ఒకటి ఖాళీ అయింది. అంతే.

అతని తండ్రి నల్లగొండ ప్రాంతపు పద్మశాలి. చేమగ్గం కూడు పెట్టని రోజులు వచ్చినప్పుడు, ఎందరో తోటివారివలెనే, సూరతు మరమగ్గాల దారి పట్టాడు. లింబాయత్ పేటలో ఒకే గదిలో సంసారం. పగలూ రాత్రీ తేడా లేని మగ్గాల మ్రోత. కుమారుడు పురపాలక సంఘంవారి తెలుగు బడిలో చదువుకొని, లెక్కలలో దిట్ట అనిపించుకొని, రింగురోడ్డు వస్త్ర విపణిలో ఒక వర్తకుని వద్ద ఖాతాలు వ్రాసే పనిలో కుదిరాడు. గుజరాతు వర్తకులు తమ గుమస్తాను మెహతాజీ అని పిలుస్తారు. క్రమంగా అతనికి అదే పేరై కూర్చున్నది. తండ్రి గతించిన తరువాత అతడు లింబాయత్ విడిచి, నది దాటి, తల్లినీ భార్యనూ పిల్లలనూ తీసికొని అడాజణ్‌లో కాపురం పెట్టాడు.

వరదకు నాలుగేళ్ళ ముందు అతనికి ఒక జబ్బు వచ్చింది. జ్వరం లేదు, నొప్పి లేదు. తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వచ్చేది. మరి నిద్ర పట్టేది కాదు. అన్నం మట్టిలా ఉండేది. అన్నిటికంటె వింత ఏమంటే, అంకెలు అతనికి లొంగడం మానివేశాయి. ఒక నిలువు వరుసను మూడుసార్లు కూడితే మూడు మొత్తాలు వచ్చేవి. లెక్కల పుస్తకం ముందు కూర్చొని, వ్రేలు కదపలేక, గంటలు గడిపేవాడు. యజమాని మంచివాడు. తనకు తెలిసిన ఒక మానసిక వైద్యుని వద్దకు పంపించాడు. ఆ వైద్యుడు పారాక్సెటిన్ అనే మాత్రను రోజుకు 20 మిల్లీగ్రాముల మోతాదున వ్రాసి ఇచ్చాడు. ఐదారు వారాలకు నిద్ర వచ్చింది. రెండు నెలలకు అంకెలు తిరిగి వచ్చాయి. ఆ మాత్ర అతనికి చేసిన మేలును తక్కువ చేసి చెప్పడం అన్యాయం. అది అతనిని ఒక గోతిలోనుంచి పైకి తీసింది.

అయినా ఆ మాట ఇంటిలో చెప్పలేదు. మనసుకు మందు మ్రింగుతున్నాడన్న మాట బయటికి పొక్కితే లెక్కలు వ్రాసేవానిని ఎవరు నమ్ముతారు? రేపు కూతురి పెండ్లి మాటలు ఎట్లు నడుస్తాయి? భార్య అడిగితే గ్యాసు మాత్ర అన్నాడు. సూరతులో నూనె పదార్థాలు దండిగా తినే సంసారాలలో గ్యాసు మాత్ర ఎవరికీ అనుమానం కలిగించదు. నాలుగేళ్ళపాటు ఆ మాట నిలిచింది.

ఆగస్టు 6 ఆదివారం రాత్రి అతడు రేకులోని చివరి మాత్ర వేసికొన్నాడు. సోమవారం విపణినుంచి వచ్చేటప్పుడు కొత్త రేకు కొనవలెననుకొన్నాడు. సోమవారం నది ఒడ్డు దాటింది. మంగళవారం తెల్లవారేసరికి మొదటి అంతస్తు సగం నీటిలో ఉన్నది. వీధి ఏరైంది. విద్యుత్తు లేదు, టెలిఫోను లేదు. మందుల దుకాణం ఉన్న చోట దాని పేరుపలక పై అంచు మాత్రమే కనిపిస్తున్నది. మాత్ర సంగతి అతనికి జ్ఞాపకం వచ్చింది. కాని అది పెద్ద విషయమని తోచలేదు. జబ్బు నయమై మూడేళ్ళు దాటింది. ఎట్లాగూ ఎన్నడో ఒకనాడు మానవలసిందే. దేవుడే మాన్పించాడు అనుకొన్నాడు.

బుధవారం, 9వ తేదీ, శ్రావణ పూర్ణిమ. పద్మశాలీలకు అది పెద్ద పండుగ. మార్కండేయ మహర్షిని తలచుకొని కొత్త జంధ్యం వేసికొనే దినం. పూర్ణిమకు సముద్రపు పోటు ఎక్కువ గనుక వరదనీరు సాగరంలోనికి తొందరగా దిగే వీలు లేకపోయింది. మేడమీది నాలుగు కుటుంబాలు ఉన్న బియ్యమూ పప్పూ కలిపి కిచిడీ వండుకొన్నాయి. తల్లి పెట్టె అడుగునుంచి జంధ్యం తీసి ఇచ్చింది. దానిని తలమీదుగా వేసికొనడానికి అతడు ప్రక్కకు చూపు త్రిప్పాడు. ఆ క్షణంలో తలలోపల ఏదో తీగ తెగి మెరిసినట్లయింది. జుమ్మని ఒక చప్పుడు. గోడ పట్టుకొని నిలబడ్డాడు. మళ్ళీ కన్ను త్రిప్పాడు. మళ్ళీ అదే మెరుపు. అది నొప్పి కాదు. కళ్ళు తిరగడమూ కాదు. తడిచేతితో విద్యుత్తు మీటను తాకినప్పటి అదురు, చేతిలో కాక తలలో పుట్టినట్లున్నది.

మరునాటినుంచి అది గంటకు పదిసార్లు వచ్చింది. దానితోపాటు వికారం, చెమట, కాళ్ళలో నిలకడలేని తహతహ. మెట్టు దిగితే నేల ఒక అంగుళం ఆలస్యంగా తగులుతున్నట్లుండేది. రాత్రి కన్ను మూస్తే కలలు. మామూలు కలలు కావు. తండ్రి లింబాయత్ గదిలో నీటి అడుగున మగ్గం నేస్తున్నట్లు, ఆ పోగుల రంగులు సహా కనిపించేవి. పగలు కారణం లేకుండా కన్నీరు వచ్చేది. ఎన్నడూ గొంతు ఎత్తనివాడు, చిన్నవాడు గిన్నె క్రింద పడవేసినందుకు చేయి ఎత్తాడు. ఎత్తిన చేతిని తానే చూచుకొని, వెళ్ళి స్నానాలగదిలో కూర్చొన్నాడు.

దానికి ఇంటిలోనివారూ ఇరుగుపొరుగువారూ చెప్పిన కారణాలు అన్నీ సబబుగానే ఉన్నాయి. భార్య దడుపు అన్నది. నాలుగు రోజులు చీకటిలో, చుట్టూ నీటిలో చిక్కుకొన్నవానికి దడుపు పట్టడం వింత కాదు. పై అంతస్తు వజ్రాల దళారి, నీరు కలుషితమైందన్నాడు. క్రింది అంతస్తు వృద్ధుడు మరింత భయపడ్డాడు. సూరతువారికి 1994 సెప్టెంబరు మరపురాదు. ప్లేగు వచ్చిందన్న మాటకు లక్షలాది జనం రైళ్ళూ లారీలూ ఎక్కి పారిపోయిన నెల అది. ఆ మీద నగరాన్ని ఊడ్చి కడిగి దేశానికి మేలుబంతిగా నిలిపారు. అయినా బురదను చూస్తే ఆ తరంవారికి గుండె అదురుతుంది. దక్షిణ గుజరాతులో వానకాలపు బురదతో లెప్టోస్పైరోసిస్ జ్వరం రావడం తెలిసిన విషయమే. వరద తీయగానే ఇంటింటికి తిరుగుతున్న వైద్య బృందంవారు అతని నాడి చూచి, జ్వరం లేదని చెప్పి, విశ్రాంతి తీసికొమ్మని వెళ్ళిపోయారు. మీరు రోజూ వాడే మందు ఏదైనా ఉన్నదా అని వారు అడిగారు. లేదని అతడు చెప్పాడు. భార్య అక్కడే నిలబడి ఉన్నది.

అతనికి లోలోపల వేరొక భయం పుట్టింది. పాత జబ్బు తిరిగి వచ్చింది. ఇక అది జీవితాంతం వదలదు. ఆ మాత్ర లేనిదే తాను మనిషి కాడు. ఈ ఆలోచన తలలోని మెరుపుకంటె ఎక్కువగా అతనిని క్రుంగదీసింది.

ఆదివారం సాయంకాలం తల్లి అతని మంచం ప్రక్కన కూర్చొన్నది. ఆమె డెబ్బై యేండ్లు దాటినది. చదువు లేదు. సూరతులో ముప్పై యేండ్లు ఉన్నా భాషలో నల్లగొండ పోలేదు. చాలాసేపు కొడుకును చూచి, కోడలు వంటింటిలోనికి వెళ్ళగానే మెల్లగా అడిగింది:

“ఏం బందువెట్టినవు కొడుకా?”

అతనికి మొదట అర్థం కాలేదు.

“నాకు ఎరుకే. గిది జరం గాదు, దడుపు గాదు. కల్లు బందైనోని లెక్క చేస్తున్నవు. ఏదో దినాం తీసుకునేది దొరుకుత లేదు నీకు.”

అతనికి కోపం వచ్చింది. జీవితంలో చుక్క ముట్టనివాడు. గుజరాతు రాష్ట్రం ఏర్పడిన 1960నుంచీ మద్యనిషేధం అమలులో ఉన్న గడ్డ. అటువంటి చోట నిష్ఠగా బ్రతికిన తనకు తల్లి కట్టిన బిరుదు ఇదా? కాని ఆమె నిందించడం లేదు. తాను చూచినది చెబుతున్నది. ఊరినుంచి కొత్తగా వచ్చిన పనివారు లింబాయత్ గదులలో రెండవనాటికో మూడవనాటికో వణకడం, చెమటలు పట్టడం, లేనివి చూచి కేకలు వేయడం ఆమె కళ్ళారా చూచింది. ఊళ్ళో వారు త్రాగినది వట్టి కల్లు కాదు. క్లోరల్ హైడ్రేటు, డయజిపామ్, అల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు కలిపిన కల్లు. రోజూ పుచ్చుకొన్న ఆ మందు ఒక్కసారిగా అందకపోతే శరీరం తిరగబడుతుంది. 2015లో తెలంగాణలో కల్తీకల్లుపై ప్రభుత్వం విరుచుకొనిపడినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగరు ప్రాంతాల ఆసుపత్రులు ఇట్టివారితో నిండిపోయిన సంగతి పత్రికలకు ఎక్కింది. ఆ వృద్ధురాలికి అది ఎన్నో యేండ్ల ముందే తెలుసు. మందుల పేర్లు ఆమెకు తెలియవు. మానిన మనిషి ముఖం తెలుసు.

పోలిక పూర్తిగా సరియైనది కాదు. కల్తీకల్లు మానినప్పుడు మూర్ఛలు వస్తాయి, మతి చలిస్తుంది, ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోతుంది. దిగులుకు ఇచ్చే మాత్రలు అంత ప్రమాదకరమైనవి కావు. వాటికొరకు మనిషి అలమటించడు, మోతాదు పెంచుకొంటూ పోడు, దొంగతనానికి పాల్పడడు. వ్యసనం వేరు, శరీరం ఒక మందుకు అలవాటుపడి తన తూకాన్ని దానికి అనుగుణంగా సర్దుకొనడం వేరు. రెండవదానిలో నీతికీ అవినీతికీ చోటు లేదు. కాని మూలసూత్రం దగ్గర తల్లి తప్పలేదు. రోజూ అందేది హఠాత్తుగా అందకపోయింది. శరీరం దానిని వెదుక్కొంటున్నది.

ఆ సాయంకాలం నాలుగేళ్ళ గ్యాసు మాత్ర కథ ముగిసింది. తల్లికి చెప్పాడు. ఆ మీద భార్యకు చెప్పాడు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, “నాలుగేండ్లు ఒక్కనివే మోసినవా?” అని మాత్రం అన్నది. సూరతు పట్టణం కవి నర్మద్ పుట్టిన చోటు. తన జీవితంలోని గుణదోషాలను దాచుకొనకుండా 1866లో ‘మారీ హకీకత్’ అనే స్వీయచరిత్ర వ్రాసి, గుజరాతీ గద్యంలో ఆ ప్రక్రియకు ఆద్యుడైన మహనీయుడు ఆయన. ఆ పట్టణంలో ఒక గుమస్తా తన హకీకత్తును ఒక మాత్ర పేరంత మేరకు చెప్పుకొనడానికి వరద రావలసివచ్చింది.

సోమవారం అతని భార్య మోకాలిలోతు బురదలో నడిచి, స్టేషను వైపు నీరు చేరని పేటలో తెరచి ఉన్న ఒక దుకాణం కనిపెట్టి మాత్రలు తెచ్చింది. రాత్రి ఒకటి వేసికొన్నాడు. మరునాడు మధ్యాహ్నానికి మెరుపులు తగ్గాయి. మూడవనాటికి లేవు. నేల తన చోటికి వచ్చింది. ఆ త్వరితగతియే అసలు సంగతి చెప్పింది. పాత దిగులు తిరిగి వచ్చి ఉంటే మాత్ర దానిని తగ్గించడానికి వారాలు పట్టేది. మొదటిసారి అట్లే పట్టింది. ఒక్క రోజులో తగ్గినది దిగులు కాదు, మందు లేమి.

తరువాత వైద్యుడు తీరికగా వివరించాడు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం ఒక నాడీకణంనుంచి విడుదలై, పని ముగియగానే తిరిగి లోపలికి పీల్చుకొనబడుతుంది. ఈ మాత్ర ఆ పీల్చుకొనే ద్వారాలను మూసిపెడుతుంది. నెలలు, యేండ్లు అట్లు మూసి ఉంచితే మెదడు ఆ కొత్త ఏర్పాటుకు సర్దుకొంటుంది. మాత్ర ఆగగానే ద్వారాలు తెరచుకొంటాయి. సర్దుబాటు మాత్రం అంత త్వరగా వెనుకకు పోదు. ఆ ఎడమలో పుట్టేదే ఈ బాధ. అందులోనూ అన్ని మాత్రలూ ఒకటి కావు. ఫ్లూయాక్సెటిన్ శరీరంలో సగం తరగడానికి కొన్ని రోజులు పడుతుంది. దానినుంచి పుట్టే పదార్థం తరగడానికి వారం, రెండు వారాలు కూడ పట్టవచ్చు. అది తనంతట తానే మెల్లగా దిగిపోతుంది. పారాక్సెటిన్ సుమారు ఒక్క రోజులో సగమవుతుంది. వెన్‌లాఫాక్సిన్ కొన్ని గంటలలోనే సగమవుతుంది. కనుక ఈ రెండింటినీ హఠాత్తుగా మానినవారికి బాధ ఎక్కువ.

వైద్యశాస్త్రానికి ఇది కొత్త సంగతి కాదు. దిగులుకు మందుగా ఇమిప్రమీన్ పనిచేస్తున్నదని స్విట్జర్లాండులో రోలాండ్ కూన్ అనే వైద్యుడు 1957లో ప్రకటించాడు. రెండేండ్లు తిరిగేసరికే, 1959లో, ఆ మందు మానినవారికి కలుగుతున్న వికారం, చెమట, నిద్రలేమి గురించి వైద్య పత్రికలలో వ్రాతలు వెలువడ్డాయి. 1980ల చివర కొత్త తరం మాత్రలు వచ్చాయి. కోట్ల మంది వాడారు. 1990ల నడుమ ఈ బాధకు ‘విత్‌డ్రాయల్’ అనే పాత మాటను విడిచి ‘డిస్కంటిన్యుయేషన్ సిండ్రోమ్’ అనే మాటను వాడుకలోనికి తెచ్చారు. మొదటి మాట వింటే రోగికి మత్తుమందులు జ్ఞాపకం వస్తాయి. రెండవది మెత్తని మాట. మెత్తని మాట వలన భయం తగ్గింది, నిజమే. కాని జాగ్రత్త కూడ తగ్గింది. బాధ స్వల్పమనీ, ఒకటి రెండు వారాలలో పోతుందనీ పాఠ్యగ్రంథాలు వ్రాశాయి. అంతకంటె ఎక్కువకాలం బాధపడినవారిని చూచి, పాత జబ్బు తిరగబెట్టిందన్నారు. ఎందరికి ఆ పొరపాటుమీద జీవితాంతం మాత్ర వ్రాసి ఇచ్చారో లెక్క లేదు.

అందరికీ ఇట్లు జరుగుతుందని అనుకొంటే అదీ పొరపాటే. 2024లో ‘లాన్సెట్ సైకియాట్రీ’ అనే వైద్యపత్రికలో వెలువడిన సమీక్ష ప్రకారం, మందు మానినవారిలో నూటికి 31 మందికి ఏదో ఒక లక్షణం కనిపించింది. మందు అని చెప్పి ఉత్తి మాత్ర ఇచ్చి దానిని ఆపినప్పుడు కూడ నూటికి 17 మందికి కనిపించింది. రెండింటికీ గల అంతరమే మందు చేసిన పని అనుకొంటే, ఆరేడుగురిలో ఒకరికి ఈ బాధ నిజంగా కలుగుతున్నది. తీవ్రంగా కలిగేవారు నూటికి ఇద్దరు ముగ్గురు. ఎక్కువ యేండ్లు వాడినవారి సంగతి ఆ లెక్కలో పూర్తిగా తేలలేదని మరికొందరు వాదించారు. అంకెలతో బ్రతికే మెహతాజీకి ఈ లెక్క నచ్చి ఉండును. నూటికి ముగ్గురు చిన్న అంకె. కాని ఆ ముగ్గురిలో తానొకడైనప్పుడు తనకు అది నూటికి నూరు.

ఆ మీద అతడు రెండుసార్లు మందు మానడానికి ప్రయత్నించాడు. 2007లో వైద్యుని సలహామీదనే 20ని 10 చేసి, రెండు వారాలుంచి, ఆపివేశాడు. 20నుంచి 10కి దిగడం సులువుగానే జరిగింది. 10నుంచి సున్నకు దిగిన మూడవనాడు మెరుపులు తిరిగి వచ్చాయి. వికారం, కన్నీరు, నీటి అడుగున మగ్గం నేసే తండ్రి. ఈసారి వరద లేదు. దడుపు అనడానికి వీలు లేదు. మళ్ళీ మాత్ర మొదలుపెట్టవలసివచ్చింది. ఇంటిలో అందరికీ తెలిసిన సంగతి గనుక అవమానం మాత్రం లేకపోయింది.

లెక్కలు తెలిసినవానికి ఇది విచిత్రంగా తోచింది. 20లో 10 తీస్తే ఏమీ కాలేదు. మిగిలిన 10 తీస్తే ఇంత ఉపద్రవం ఏమిటి? రెండు పదులూ సమానమే గదా? వైద్యుడు దానికి సిద్ధాంతం చెప్పలేదు. తన అనుభవం చెప్పాడు. “మెహతాజీ, క్రిందికి పోయేకొద్దీ మెట్లు చిన్నవి చేయండి. చివరి మెట్టు అన్నిటికంటె చిన్నదిగా ఉండవలెను” అన్నాడు.

చిన్న మెట్టు వేయడం ఎట్లు? మాత్రను సగం చేయవచ్చు, నాలుగో వంతు చేయవచ్చు. పదో వంతు చేయడానికి బ్లేడు చాలదు. అప్పుడు పై అంతస్తు వజ్రాల దళారి ఆదుకొన్నాడు. ప్రపంచంలోని వజ్రాలలో అధికభాగం సానబట్టే ఊరు సూరతు. అక్కడ దళారి జేబులో పట్టే త్రాసు ఒకటి ఉంటుంది. కారటు అంటే 200 మిల్లీగ్రాములు. దానిలో నూరవ వంతు ఒక సెంటు. అంటే రెండు మిల్లీగ్రాములు. ఆ త్రాసు అంతటి సన్నని తేడాను కూడ చూపుతుంది. వైద్యుని అనుమతితో మాత్రను నూరి, ఆ పొడిని ఆదివారంనాడు వారానికి సరిపడా తూచి, కాగితపు పొట్లాలు కట్టేవాడు. మామూలు మాత్ర గనుక ఈ పని సాగింది. లోపల మెల్లగా కరగడానికి తయారుచేసిన రకాన్ని ఇట్లు కోయడం, నూరడం తగదు. చిన్నవాడు ప్రక్కన కూర్చొని పొట్లాలమీద తేదీలు వ్రాసేవాడు. వజ్రాలకు కట్టే పొట్లంవంటిదే కాగితం. లోపల ఉన్నది మాత్రం తెల్లని పొడి.

అట్లు పదహారు నెలలు పట్టింది. నెలకు ఒకసారి ఉన్నదానిలో పదో వంతో, అంతకు కొంచెం ఎక్కువో తగ్గించాడు. బాధ కలిగిన నెల తగ్గించకుండా ఆగాడు. విపణిలో సంవత్సరాంతపు లెక్కలు ముడిపడే దీపావళి నెలలో అసలు చేయి పెట్టలేదు. మధ్యలో ఒకసారి నెల పొడుగునా దిగులుగా ఉన్నది. అది ఏ రకపు దిగులు అన్న ప్రశ్న వచ్చింది. ఇప్పుడు అతనికి తేడా కొంత పట్టుబడింది. మందు తగ్గించిన బాధ రోజుల్లో వస్తుంది, తలలో మెరుపుతో వస్తుంది, కెరటంలా లేచి దిగుతుంది. పాత జబ్బు వారాల తరబడి చప్పుడు లేకుండా వస్తుంది, దిగడమంటూ ఉండదు, అంకెలను పట్టుకొనిపోతుంది. అతడు ఖాతా పుస్తకం తీసి ఒక పొడుగాటి వరుస కూడాడు. రెండుసార్లు కూడాడు. మొత్తం ఒకటే వచ్చింది. ఆ నెల ఆగి, మరునెల మళ్ళీ దిగాడు.

ఆ వైద్యుడు అనుభవంతో చెప్పినదానికి 2019లో లెక్క దొరికింది. మార్క్ హోరోవిట్జ్, డేవిడ్ టేలర్ అనే ఇద్దరు లండనులో దానిని ప్రకటించారు. మందు మోతాదుకూ, మెదడులో అది మూసే ద్వారాల సంఖ్యకూ గల సంబంధం తిన్నని గీత కాదు, వంపు. ఉదాహరణకు సిటలోప్రామ్ అనే మాత్రను 20 మిల్లీగ్రాములు పుచ్చుకొంటే నూటికి 80 ద్వారాలు మూసుకొంటాయి. 5కి తగ్గించినా ఇంకా సుమారు 60 మూసుకొనే ఉంటాయి. అంటే మొదటి 15 మిల్లీగ్రాములు తీస్తే తెరచుకొన్నవి ఇరవై మాత్రమే. చివరి ఐదూ తీస్తే ఒక్కసారిగా అరవై తెరచుకొంటాయి. అందుకే చివరి మెట్టు చూడడానికి చిన్నది, దిగడానికి అగాధం. ఆ యేడే ఇంగ్లండులోని మానసిక వైద్యుల రాయల్ కళాశాల, ఈ బాధ కొందరికి తీవ్రంగా, దీర్ఘంగా ఉండగలదని తన పాత అభిప్రాయాన్ని సవరించుకొన్నది. అరవై యేండ్లు రోగులు చెబుతూ వచ్చిన మాట అది.

రోగికి మందు ఇచ్చేటప్పుడు దానిని ఎట్లు మొదలుపెట్టవలెనో చెప్పడం అందరికీ తెలిసిన మర్యాద. ఎట్లు ముగించవలెనో కూడ ఆనాడే చెప్పడం అంత అవసరమైనది. చేతిలో ఎన్ని రోజుల మాత్రలు ఉండవలెనో, అవి అందకపోతే ఏమి జరుగునో, అది జరిగినప్పుడు దానిని ఏమని గుర్తించవలెనో ఎవరైనా నాలుగు మాటలు చెప్పి ఉంటే, ఆ గుమస్తా ఒక వారం తనను తాను పిచ్చివాడనుకొనే దుఃఖం తప్పేది. ఆ నాలుగు మాటలు చెప్పినది చదువురాని ఆడమనిషి. ఆమెకు కూడ అవి ఎవరూ నేర్పలేదు. లింబాయత్ గదులలో వణకుతున్నవారి నుదుట తడిగుడ్డ వేసి నేర్చుకొన్నది.

మెహతాజీ చివరి పొట్లం తీసికొన్నది 2009 వేసవిలో. అందులో ఉన్న పొడి చిటికెడు కూడ లేదు. ఆ మరునాడు ఏమీ జరుగలేదు. నాలుగు రోజులు కన్ను అటూ ఇటూ త్రిప్పి పరీక్షించుకొన్నాడు. సన్నని మెరుపు ఒకటి రెండుసార్లు వచ్చి, ఆరిపోయింది. దిగులు మళ్ళీ ఎన్నడైనా వస్తే తిరిగి మాత్ర వేసికొనడానికి అతనికి జంకు లేదు. ఆ మాట వైద్యునితో చెప్పాడు, ఇంటిలోనూ చెప్పాడు.

ఆ మేడ మెట్ల గోడకు ఆ తరువాత రెండుసార్లు సున్నం వేశారు. అయినా వానకాలంలో గోడ చెమ్మగిల్లినప్పుడు పాత గీత లోపలినుంచి లీలగా కనిపిస్తుంది. తల్లి బ్రతికి ఉన్నన్నాళ్ళూ మెట్లు ఎక్కుతూ ఆ చోట ఒక్క క్షణం ఆగి, గీతమీద చేయి ఆనించి, ఊపిరి పీల్చుకొని, మిగిలిన మెట్లు ఎక్కేది. ఎవరైనా తొందరపెడితే, ఆమె సూరతులో నేర్చిన నది పేరునూ పుట్టింటిలో నేర్చిన మాటనూ కలిపి, “తాపీగ పోదాం బిడ్డా” అనేది.